గదికి సున్నం, మెమరీకి సున్నా

నేను వారాసిగూడలో అద్దెకుంటున్న గదిలో ఒక సజ్జ ఉంది. దిగిన మూడు నెలలకి, ఓ ఆదివారం పూట పాత కూలర్‌ని పైన పడేద్దామని స్టూలెక్కితే మూలన ఒక ప్లాస్టిక్ కవరు కనిపించింది. విప్పి చూస్తే నాకన్నా ముందున్నాయన మార్కుల మెమో జిరాక్సులు, ఏదో పోటీ పరీక్ష హాల్‌టికెట్, ఒక బ్యాంకు పాస్‌బుక్. పాస్‌బుక్ వెనక అట్ట మీద పెన్సిల్‌తో రాసిన నాలుగంకెలు. అవేంటో కనుక్కోవడానికి సీబీఐ అక్కర్లేదు కదా.

కిందికెళ్ళి ఓనర్ ఆంటీకి ఇస్తే ఆవిడ కాస్త నొచ్చుకుంది. "సున్నం కొట్టిచ్చినంకనే నీకు గది ఇచ్చిన కదా బిడ్డా. సజ్జ మీద ఎవరు చూస్తరు? ఖాళీ చేసేటప్పుడు అన్నీ చూస్కొని పొండ్రి అని అందరికీ చెప్తనే ఉంట" అంది. నిజమే, గోడలు తెల్లగా మెరుస్తూనే ఉన్నాయి. యూనివర్సిటీ పక్కనే కాబట్టి ఈ చుట్టుపక్కల గదులు ఏడాదికో రెండేళ్ళకో చేతులు మారుతూనే ఉంటాయి. చదువు అయిపోయినవాడు వెళ్తాడు, కోచింగ్‌కి వచ్చినవాడు దిగుతాడు. మధ్యలో ఒక సున్నం.

నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే ఆ వారమంతా ఆఫీసులో నేను పడ్డ గొడవ అచ్చం ఇదే. నేను రాసిన ఒక డ్రైవర్ కోడ్‌లో మూడు బైట్ల సజ్జ మిగిలిపోయింది. దాని సంగతి తర్వాత చెప్తాను. ఆ మూడు బైట్ల పుణ్యమా అని తార్నాక మెట్రోలో పోతూ వస్తూ ఈ విషయం చరిత్రంతా తవ్వాను. మన ఫీల్డులో ఉన్నవాళ్ళకి పనికొస్తుందనిపించి రాస్తున్నా.

ముందు ఒక మాట. మెమరీ లీక్ అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది మాలాక్ చేసి ఫ్రీ చెయ్యకపోవడం. ఇంటర్వ్యూల్లో అరిగిపోయిన ప్రశ్న. నేను చెప్పేది ఆ లీక్ కాదు. అందులో ఖాళీ చేసినవాడు తాళం చెవి ఓనర్‌కి ఇవ్వకుండా పోతాడు. ఇందులో తాళం బుద్ధిగా ఇచ్చేస్తాడు, కానీ వాడి సామాను లోపలే ఉంటుంది. కొత్తగా దిగినవాడు అది చూస్తాడు. ఇక్కడ ఓనర్ ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్. అద్దెకుండేవాళ్ళు మన ప్రోగ్రాములు. కెర్నల్ మెమరీలో ఒకప్పుడు ఎవరిదో పాస్‌వర్డ్, ఎవరి ఫైల్లోదో ముక్క, లేదా కెర్నల్ సొంత అడ్రస్‌లు ఉంటాయి. వాటిని తుడవకుండా ఆ చోటునే ఇంకో ప్రోగ్రాముకి ఇచ్చేస్తే అదే లీకు.

ఈ జబ్బు కొత్తదేం కాదు. 1976లోనే అమెరికాలో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెందిన ఇన్ఫర్మేషన్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూట్‌లో హోలింగ్‌వర్త్, బిస్బీ అనే ఇద్దరు దీని మీద ఏకంగా ఒక రిపోర్టు రాశారు. ఇచ్చి పుచ్చుకునేటప్పుడు మిగిలిపోయే అవశేషాలు అన్నది వాళ్ళ అంశం. వస్తువు వదిలేశాక అందులో విషయం మిగులుతుంది, మిగిలితే తర్వాతవాడికి కనిపిస్తుంది, అది ఆపరేటింగ్ సిస్టమ్ తప్పుల్లో ఒక ప్రత్యేకమైన జాతి అన్నారు. గుర్తుంచుకోండి, ఇది యాభై ఏళ్ళ కిందటి మాట. అప్పటికి మన ఈసీఐఎల్‌లో టీడీసీ-316 కంప్యూటర్లు తయారు చేస్తున్న రోజులు.

యూనిక్స్ వాళ్ళకీ ఇది తెలుసు. 1975 నాటి ఆరో ఎడిషన్ సోర్సు చూస్తే క్లియర్‌సెగ్ అని ఒక చిన్న ఫంక్షన్ కనిపిస్తుంది. ప్రాసెస్ తన డేటా సైజు పెంచమని అడిగితే, కొత్తగా ఇచ్చే మెమరీని ఇది సున్నాలతో నింపుతుంది. అంటే గది మొత్తం ఇచ్చేటప్పుడు సున్నం కొట్టడం మొదటినుంచీ ఉంది. తర్వాత అమెరికా రక్షణ శాఖ దీన్ని రూలుగానే పెట్టేసింది. 1983లో వచ్చి 1985లో సవరించిన వాళ్ళ ప్రమాణాల పుస్తకానికి అట్ట రంగు బట్టి ఆరెంజ్ బుక్ అని పేరు. అందులో సీ2 అనే తరగతి దొరకాలంటే, ఒకరు వదిలిన వస్తువు ఇంకొకరి చేతికి వెళ్ళేసరికి పాతవాళ్ళ సమాచారం అందులో మిగలకూడదు. విండోస్ ఎన్టీ 3.5కి 1995లో సీ2 వచ్చింది. ఎన్టీలో దీనికోసం ఒక థ్రెడ్డే ఉంది, ప్రయారిటీ సున్నా, అంటే అందరికన్నా కింద. ప్రాసెసర్‌కి వేరే ఏ పనీ లేనప్పుడు అది లేచి ఖాళీ పేజీలన్నిటినీ సున్నా చేసి పెడుతుంది. అద్దెవాళ్ళు లేని రోజుల్లో మా ఆంటీ మేస్త్రీని పిలిపించి సున్నం కొట్టించినట్టు. నాకైతే ఆ డిజైన్ భలే నచ్చింది.

మరి 1985కే అంతా తెలిసిపోతే గొడవ ఎక్కడొచ్చింది? సజ్జ మీద.

కెర్నల్ మనకి మెమరీ ఇచ్చేది గదుల లెక్కనే కాదు. మనం ఏదైనా అడిగితే సమాధానం ఒక స్ట్రక్చర్‌లో రాసి, దాన్ని మన బఫర్‌లోకి కాపీ చేస్తుంది. మా ఆంటీ నెలనెలా కరెంటు బిల్లు వాటాలు కాగితం ముక్కల మీద రాసి ఇస్తుంది. కొత్త కాగితం ఎందుకు దండగని పాత కాగితాల వెనకవైపు రాస్తుంది. మొన్న నాకొచ్చిన ముక్క తిప్పి చూస్తే పై పోర్షన్ వాళ్ళు ఎన్ని నెలలు అద్దె బాకీ ఉన్నారో ఉంది! కెర్నల్ చేసేదీ అదే. దాని స్టాక్ మీదో హీప్ మీదో కాస్త చోటు తీసుకుంటుంది, అవసరమైనంత వరకు రాస్తుంది, కాగితం మొత్తం మన చేతిలో పెడుతుంది. రాయని భాగంలో పాత రాత అలాగే ఉంటుంది.

ఇలాంటివి 2000 తర్వాత వరసపెట్టి బయటపడ్డాయి. వాటిలో మూడు చెప్తాను.

2003 జనవరిలో ఈథర్‌లీక్ అని ఒకటి వచ్చింది. ఆ ఏడాది సెక్యూరిటీ లోపాల జాబితాలో దాని నంబరు సీవీఈ-2003-0001. కొత్త ఏడాది బోణీ అన్నమాట. ఈథర్నెట్‌లో ఒక ఫ్రేములో కనీసం 46 బైట్ల డేటా ఉండాలి. చిన్న ప్యాకెట్ అయితే మిగతాది సున్నాలతో నింపాలని ప్రమాణం చెప్తుంది. చాలా ఆపరేటింగ్ సిస్టమ్‌ల నెట్‌వర్క్ డ్రైవర్లు నింపలేదు. సైజు మాత్రం పెంచి, బఫర్‌లో ఏముంటే దాన్నే పంపేశాయి. అదే లాన్‌లో కూర్చుని చిన్న పింగ్ కొడితే, జవాబు తోకలో అవతలి మెషీన్ కెర్నల్ మెమరీ ముక్కలు వచ్చేవి. ఇంటర్నెట్ సెంటర్‌లో పది సిస్టమ్‌లు ఒకే స్విచ్‌కి తగిలించి ఉన్న కాలం అది. ఒక్క కంపెనీ, ఒక్క డ్రైవర్ కాదు, ఎవరికి వాళ్ళు విడివిడిగా అదే తప్పు చేశారు. అది నాకు చాలా ముఖ్యమైన సంగతి అనిపించింది.

రెండోది 2005 మార్చిలో, లినక్స్ ఎక్స్‌ట్2 ఫైల్ సిస్టమ్‌లో. కొత్త డైరెక్టరీ చేస్తే దానికి ఒక బ్లాకు కేటాయిస్తారు, మామూలుగా 4096 బైట్లు. ఖాళీ డైరెక్టరీలో ఉండేవి రెండే ఎంట్రీలు, చుక్క, రెండు చుక్కలు. రెండిటికీ కలిపి 24 బైట్లు. మిగిలిన 4072 బైట్లు ఎవరూ తుడవలేదు. అప్పుడు కెర్నల్ మెమరీలో ఏముంటే అది అలాగే డిస్కు మీదికి వెళ్ళిపోయింది. ఇది మెషీను ఆపేసినా పోదు, డిస్కులో ఉండిపోతుంది. ఆ డిస్కుని పెన్‌డ్రైవ్ అనుకోండి, ఫ్రెండ్‌కి ఇచ్చారనుకోండి. వాడికి మీరు ఇచ్చింది ప్రాజెక్టు రిపోర్టు ఫోల్డరు, వాడికి అందింది ఫోల్డరుతో పాటు మీ మెమరీలో నాలుగు కిలోబైట్లు. 2.6.11.6 వెర్షన్‌లో సరిచేశారు.

మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, ఎందుకంటే దీని వెనక ఒక తమాషా కథ ఉంది. 2005 మే నెలలో ఫ్రీబీఎస్‌డీ వాళ్ళు ఒక సలహాపత్రం ఇచ్చారు. కెర్నల్‌లో చాలాచోట్ల డివైసుల పేర్లు, మౌంట్ పాయింట్ల పేర్లు లాంటివి చిన్నా పెద్దా స్ట్రింగులుగా ఉంటాయి, ప్రోగ్రాములకి ఇచ్చేటప్పుడు మాత్రం ఖాయమైన సైజు బఫర్లలో పెట్టి ఇస్తాం, పేరు అయిపోయాక మిగిలిన చోటు తుడవలేదు అని ఒప్పుకున్నారు. అలా బయటికి పోయేదాంట్లో టెర్మినల్ బఫర్ ముక్కలు ఉండొచ్చు, అందులో ఎవరో టైప్ చేసిన పాస్‌వర్డ్ ఉండొచ్చు అని కూడా రాశారు.

ఇప్పుడు కథ. సీ భాషలో స్టర్‌ఎన్‌కాపీ అనే ఫంక్షన్‌ని తిట్టనివాడు లేడు. సైజు సరిపోకపోతే చివర సున్నా పెట్టదు, సరిపోతే మిగిలిన చోటంతా పనిలేనట్టు సున్నాలు కొట్టుకుంటూ పోతుంది అని. కానీ అది పుట్టింది పాత యూనిక్స్ డైరెక్టరీ ఎంట్రీల్లాంటి వాటి కోసం. అక్కడ ఫైలు పేరుకి ఖాయంగా 14 బైట్లు. పేరు చిన్నదైతే మిగతాది సున్నా అవ్వాలి, నిండితే చివరి సున్నాకి చోటక్కర్లేదు. ఆ పనికి అది సరిగ్గా సరిపోతుంది. 1998లో ఓపెన్‌బీఎస్‌డీలో టాడ్ మిల్లర్, థియో డి రాట్ దానికి బదులు స్టర్‌ఎల్‌కాపీ తెచ్చారు. చివర సున్నా గ్యారంటీ, అనవసరపు సున్నాలు లేవు, వేగం. బఫర్ ఓవర్‌ఫ్లోలు ఆపడానికి చాలా మంచి మార్పు. కానీ ఆ అనవసరపు సున్నాలే కదా ఇలాంటి చోట్ల సున్నం! సెక్యూరిటీ కోసం పాతది తీసి కొత్తది పెడితే, తెలియకుండా ఇంకో కన్నం తెరుచుకునే వీలుంది. లినక్స్‌లో 2019లో, తోక కూడా సున్నాలతో నింపే స్టర్‌ఎస్‌కాపీ ప్యాడ్ అని విడిగా ఒకటి పెట్టుకోవాల్సొచ్చింది. తిరిగి తిరిగి మళ్ళీ మొదటికి.

సరే, ఇప్పుడు నా ఘనకార్యం. నేను రాసిన స్ట్రక్చర్‌లో మూడు ఫీల్డులు. స్టేటస్ నాలుగు బైట్లు, పోర్టు నంబరు ఒక బైటు, కౌంటర్ ఎనిమిది బైట్లు. కూడితే 13. కానీ కౌంటర్ ఎనిమిది గుణిజంలో మొదలవ్వాలి కాబట్టి కంపైలర్ మధ్యలో మూడు బైట్లు ఖాళీ వదిలి 16 చేస్తుంది. మూడు ఫీల్డులకీ విలువలు పెట్టాను. ఒక్కటీ వదల్లేదు. రివ్యూలో చూసిన ఇద్దరికీ తప్పు కనపడలేదు, ఎందుకంటే సోర్సులో ఆ మూడు బైట్లు లేవు! కంటికి కనపడని ఫీల్డుకి విలువ ఎలా ఇస్తాం? ప్యాడింగ్‌లో ఏముండాలో సీ ప్రమాణం మాటివ్వదు. తర్వాత పదహారు బైట్లూ యూజర్‌కి కాపీ.

దొరికాక మా లీడ్ మొదట తేలిగ్గా తీసుకున్నాడు. "మూడు బైట్లేగా బాస్, అక్కడ కెర్నల్ కోడ్ అడ్రస్ పడినా పై మూడు బైట్లూ ఎప్పుడూ ఎఫ్ఎఫ్‌లే, ఎవడేం చేసుకుంటాడు" అన్నాడు. కోడ్ అడ్రస్ వరకు నిజమే, నేను కూడా ఒక పూట ఆ మాట పట్టుకుని హాయిగా ఉన్నా. కానీ అక్కడ పడేది అడ్రసే అని ఎవరు చెప్పారు? అంతకుముందు ఏ సిస్టమ్ కాల్ నడిచిందో దాని స్టాక్ మిగులు అక్కడ ఉంటుంది. వేరే కాల్ చేసి మళ్ళీ అడిగితే వేరే మూడు బైట్లు. సెకనుకి లక్షసార్లు అడగొచ్చు, ఎవరూ కాదనరు.

పైగా ఇప్పుడు అడ్రస్‌ల విలువ పెరిగింది. లినక్స్‌లో 2014లో 3.14తో కెర్నల్ అడ్రస్‌లని బూట్ అయిన ప్రతిసారీ కలగాపులగం చేసే పద్ధతి వచ్చింది, 2017లో 4.12 నుంచి అది డిఫాల్టు. దాడి చేసేవాడికి ఇల్లెక్కడుందో తెలియకూడదని. అలాంటప్పుడు లీకైన ఒక్క పాయింటర్ చాలు, ఆ కట్టుదిట్టమంతా గంగలో కలుస్తుంది. అందుకే 2018 జనవరిలో వచ్చిన 4.15లో కెర్నల్ ప్రింట్ చేసే పాయింటర్లని కూడా హాష్ చేసి చూపించడం మొదలెట్టారు.

2005 తర్వాత పదేళ్ళు ఎలా గడిచాయంటే, దొరికినదాన్ని దొరికినట్టు అతుకేసుకుంటూ. 2010, 2011ల్లో వాసిలీ కులికోవ్, డాన్ రోసెన్‌బర్గ్ లాంటివాళ్ళు ఒక్కో స్ట్రక్చర్ వెతికి పట్టుకుని మెమ్‌సెట్‌లు పెట్టించారు. వాళ్ళకి దణ్ణం పెట్టాలి, కానీ ఒకపక్క వీళ్ళు తీస్తుంటే ఇంకోపక్క నాలాంటివాడు కొత్తవి పెడుతూ ఉంటాడు. ఆంటీ మాట గుర్తుందా? "అందరికీ చెప్తనే ఉంట." చెప్తూనే ఉన్నారు, 1976 నుంచీ.

ప్రతివాడూ గుర్తుపెట్టుకోవాలి అనే పద్ధతి వదిలేసి, ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు అనే పద్ధతికి ముందుగా వెళ్ళింది పాక్స్ అనే ప్యాచ్ రాసేవాళ్ళు. వదిలేసిన పేజీల్ని తుడిచెయ్యడం, సిస్టమ్ కాల్ అయిపోగానే కెర్నల్ స్టాక్‌ని తుడిచెయ్యడం లాంటివి వాళ్ళు మెయిన్ కెర్నల్‌కి చాలా ముందే చేశారు. మెయిన్ కెర్నల్ వాళ్ళకి వేగం పోతుందని బెంగ. చివరికి 2015లో కీస్ కుక్ నడిపించిన కెర్నల్ సెల్ఫ్ ప్రొటెక్షన్ ప్రాజెక్టు మొదలయ్యాక ఒక్కొక్కటే లోపలికొచ్చాయి. 2016లో 4.8లో యూజర్ కాపీలకి సరిహద్దు తనిఖీ, 2018 చివర్లో అలెగ్జాండర్ పోపోవ్ కష్టంతో 4.20లో స్టాక్‌లీక్.

ఇటు విండోస్‌కీ అదే తలనొప్పి. గూగుల్‌లో మాటెయుష్ యుర్చిక్ అనే ఆయన మొత్తం ఆపరేటింగ్ సిస్టమ్‌ని ఎమ్యులేటర్‌లో నడిపి, తుడవని ప్రతి బైటుకీ మరక పూసి, ఆ మరక యూజర్ వైపుకి ఎప్పుడొస్తుందో కాపు కాశాడు. 2017, 2018 మొదట్లో కలిపి విండోస్ కెర్నల్‌లో 70కి పైగా దొరికాయి. సీ2 సర్టిఫికెట్ గోడకి తగిలించుకున్న వంశంలో! తర్వాత మైక్రోసాఫ్ట్ వాళ్ళు కంపైలర్‌కే చెప్పి స్టాక్ మీది స్ట్రక్చర్లని సున్నా చేయించడం మొదలెట్టారు, విండోస్ 10 1903 వెర్షన్ నుంచి.

లినక్స్‌లో ఇదే పని చెయ్యడానికి క్లాంగ్ కంపైలర్‌లో ఒక ఆప్షన్ వచ్చింది. అందులో సున్నాలతో నింపడానికి క్లాంగ్ వాళ్ళలో కొందరు ససేమిరా అన్నారు. సున్నా గ్యారంటీ అయితే జనం దానిమీదే ఆధారపడి కోడ్ రాస్తారు, అది వేరే భాషై కూర్చుంటుంది, కావాలంటే చెత్త విలువతో నింపుకోండి, తప్పులు బయటపడతాయి అని. రాజీగా సున్నా ఆప్షన్ ఇచ్చారు గానీ, దానితోపాటు ఇంకో ఆప్షన్ కూడా ఇవ్వాలి, దాని పేరు తెలుగులో చెప్తే "ఇది క్లాంగ్ నుంచి తీసేస్తారని తెలిసే సున్నా చెయ్యమంటున్నాను" అని! నిజంగా అంత పొడుగు పేరు. సిగరెట్ పెట్టె మీద బొమ్మలాంటిదన్నమాట. ఆ వాదన నాకు అర్థమవుతుంది, బద్ధకం అలవాటవుతుందనే భయం. కానీ నేను ఒప్పుకోను. యాభై ఏళ్ళు క్రమశిక్షణ నేర్పి చూశారు, నేర్చుకున్నది ఇంతే. చివరికి తీసేసింది ఆ పొడుగు ఆప్షన్‌నే, సున్నా నిలబడింది. 2022లో జీసీసీ 12 కూడా సున్నా ఆప్షన్ పెట్టింది.

హీప్ సంగతి 2019లో తేలింది. అలెగ్జాండర్ పొటాపెంకో ప్యాచ్‌లతో 5.3 కెర్నల్‌లో, ఇచ్చేటప్పుడు సున్నా చెయ్యడం, తీసుకునేటప్పుడు సున్నా చెయ్యడం అని రెండు స్విచ్‌లు వచ్చాయి. ఖర్చెంతో కెర్నల్ కాన్ఫిగరేషన్ సహాయంలోనే రాసి ఉంటుంది. ఇచ్చేటప్పుడైతే మామూలు పనులకి ఒక శాతంలోపు, కొన్ని కృత్రిమ పరీక్షల్లో 7 శాతం దాకా. తీసుకునేటప్పుడైతే 3 నుంచి 5 శాతం. రెండోది ఎక్కువ ఎందుకంటే అప్పటికి ఆ మెమరీ క్యాషులో చల్లారిపోయి ఉండొచ్చు. ఇచ్చేటప్పుడైతే ఎలాగూ వెంటనే వాడతారు. ఒక శాతం కోసమా ఇన్నేళ్ళు ఆగాం అనిపించింది.

మెల్ట్‌డౌన్ సంగతి ఎత్తకపోతే మీరే అడుగుతారు. 2018 జనవరిలో బయటపడ్డ ఆ లోపంలో ఎవరూ తుడవడం మర్చిపోలేదు, ప్రాసెసర్ గోడే అద్దంలా ఉందని తేలింది. అక్కడ సున్నం పనిచెయ్యదు, కెర్నల్ పేజీ టేబుళ్ళని వేరుచేసి గోడనే మార్చాల్సొచ్చింది. అది వేరే జాతి.

నా మూడు బైట్లు ఎలా దొరికాయో చెప్పనేలేదు. 2022 డిసెంబర్‌లో వచ్చిన 6.1 కెర్నల్‌లో కేఎంశాన్ అనే పరికరం చేరింది, యుర్చిక్ పూసిన మరకలాంటిదే, కంపైలర్ సాయంతో. కెర్నల్ నత్తలా నడుస్తుంది గానీ దేన్నీ వదలదు. మా టెస్ట్ మెషీన్‌లో సరదాకి వేసి నా డ్రైవర్‌ని నడిపితే, లాగ్‌లో యూజర్‌కి కెర్నల్ సమాచారం లీకని ఎర్రజెండా, కింద ఒక లైను: 16 బైట్లలో 5 నుంచి 7 వరకు తుడవలేదు అని. సోర్సులో లేని ఫీల్డుని నంబర్లతో సహా చూపించింది. ఒక్క మెమ్‌సెట్‌తో పోయింది. "మిగతా డ్రైవర్లు కూడా దీనికింద నడుపు" అన్నాడు లీడ్, ఈసారి నవ్వలేదు. ఇంకో నాలుగు దొరికాయి. రెండు నావే.

సజ్జ మీది కవరాయన కూడా వచ్చాడు. ఆంటీ ఫోన్ చేస్తే తర్వాతి ఆదివారం తీసుకెళ్ళాడు, ఇప్పుడు తార్నాకలోనే ఉంటున్నాడట. "అన్నా, వెనక అట్ట మీద నంబరుంది, అది మార్చుకోండి" అన్నాను. "ఎప్పుడో మార్చేశా తమ్మీ" అన్నాడు. గేటు దాటాక రోడ్డు పక్కన ఆగి ఫోన్ తీసి ఏదో గబగబా నొక్కుతున్నాడు.